కౌన్సెలింగ్ గదిలో కులానికీ ఒక కుర్చీ వేయాలి

ఇంట్లో ఒకరికి నెలల తరబడి నిద్ర పట్టకపోతే, చిన్న మాటకే కోపం వస్తుంటే, ఎవరితోనూ కలవకుండా మూల కూర్చుంటే మన వాడల్లో వినిపించే మాటలు కొన్నే. 'వాడికి ధైర్యం తక్కువ' అంటారు. 'గాలి సోకింది' అంటారు. చదువుకున్న ఇళ్ళలో ఇప్పుడు 'డిప్రెషన్' అంటున్నారు. మాటలు వేరైనా అన్నీ ఒకే పని చేస్తాయి. సమస్యను ఆ ఒక్క మనిషి లోపలే వెతుకుతాయి.

మనస్తత్వ శాస్త్రంలో దీనికి భిన్నమైన చూపు ఒకటి 70 ఏళ్ళుగా ఉంది. దాన్ని కుటుంబ వ్యవస్థ దృక్పథం అంటారు. మనిషి బాధను అర్థం చేసుకోవాలంటే ఆ మనిషి చుట్టూ ఉన్న సంబంధాలను చూడాలి అన్నది దీని మూలసూత్రం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో 'ఫ్యామిలీ థెరపీ', 'కపుల్ కౌన్సెలింగ్' బోర్డులు పెరుగుతున్నాయి. మొదటి తరం ఉద్యోగులైన మన పిల్లలూ, కులాంతర వివాహం చేసుకున్న జంటలూ ఆ గదుల్లోకి వెళ్తున్నారు. అందుకే ఈ పద్ధతి ఏమిటో, అది మనకు ఎక్కడ ఉపయోగపడుతుందో, ఎక్కడ ఎదురు తిరుగుతుందో చెప్పుకోవాలి.

పరిశోధక విద్యార్థులుగా ఈ సాహిత్యం చదువుతున్నప్పుడు మమ్మల్ని ఒక ప్రశ్న వదలలేదు. కుటుంబం ఒక వ్యవస్థ అయితే దాని హద్దు ఎక్కడ గీయాలి? ఇంటి గడప దగ్గరా, వాడ చివరా, ఊరి మంచినీళ్ళ చెరువు దగ్గరా? చికిత్స మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది చాలావరకు ఆ గీతను బట్టే ఉంటుంది.

వార్డులోకి కుటుంబం

20వ శతాబ్దం సగం దాకా పాశ్చాత్య మనోచికిత్స అంటే ప్రధానంగా డాక్టరూ, రోగీ మాత్రమే కూర్చునే గది. కుటుంబం గుమ్మం బయటే ఉండాలి. ఈ పద్ధతిని మార్చిన వాళ్ళలో మర్రే బోవెన్ అనే అమెరికన్ మనోవైద్యుడు ఒకరు. 1954లో ఆయన అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో చేరాడు. స్కిజోఫ్రీనియా ఉన్న యువతీ యువకులతో పాటు వాళ్ళ తల్లులను, తర్వాత తండ్రులను, తోబుట్టువులను కూడా వార్డులోనే ఉంచి గమనించాడు. ఒకరి ఆందోళన ఇంకొకరిలోకి ఎలా పాకుతుందో, ఒకరు కాస్త కుదుటపడితే ఇంకొకరు ఎలా కుంగుతారో ఆయనకు అక్కడ కనబడింది.

ఆ పరిశీలనల నుంచి బోవెన్ తయారు చేసిన భావనల్లో నాలుగు తెలిస్తే మనకు చాలావరకు దారి దొరుకుతుంది.

మొదటిది త్రిభుజం. ఇద్దరి మధ్య ఒత్తిడి పెరిగితే వాళ్ళు తెలియకుండానే మూడో మనిషిని లోపలికి లాగుతారు. భార్యాభర్తల గొడవలో పిల్లవాడు దూత అవుతాడు. తల్లీ కొడుకుల అలకలో కోడలు దోషి అవుతుంది. మూడో మనిషి మీద భారం పడ్డాక అసలు ఇద్దరికీ కాసేపు ఊపిరి ఆడుతుంది. కానీ మొదటి తగాదా తీరదు.

రెండోది, నలుగురితో కలిసి ఉంటూనే తన ఆలోచనను తాను నిలుపుకోగలగడం. ఇంట్లో అందరూ భయపడుతున్నప్పుడు ఆ భయంలో కొట్టుకుపోకుండా, అలాగని ఇల్లు విడిచి పారిపోకుండా నిలబడే శక్తి ఇది. బోవెన్ చికిత్స అంతా దీన్ని పెంచడం కోసమే.

మూడోది తెగతెంపులు. ఇంటి వాళ్ళతో మాట్లాడటం మానేసిన మనిషి బంధం నుంచి బయటపడినట్టే కనిపిస్తాడు గానీ, తీరని లెక్క అతని కొత్త సంసారంలోకి వచ్చి కూర్చుంటుంది.

నాలుగోది తరాల బదిలీ. తాతల కాలంలో నేర్చుకున్న జాగ్రత్తలు, భయాలు, మౌనాలు మనవల దాకా చేరతాయి. ఎందుకు పాటిస్తున్నామో ఎవరికీ గుర్తుండదు, పాటించడం మాత్రం ఆగదు.

ఒక్కరు వచ్చినా, ఇద్దరు వచ్చినా

ఈ చికిత్సకు ఇంటిల్లిపాదీ రావాలేమో అని చాలామంది అనుకుంటారు. అవసరం లేదు. వ్యవస్థలో ఒకరు తన తీరు మార్చుకున్నా మిగతా వాళ్ళు కూడా కదలక తప్పదన్నది ఈ పద్ధతి నమ్మకం. అందుకే ఒంటరిగా వచ్చిన మనిషితో కూడా సైకాలజిస్టు కుటుంబం గురించే మాట్లాడతారు. ఎవరు ఎవరికి దగ్గర, ఎవరు ఎవరితో మాట్లాడరు, ఇంట్లో దేని గురించి నోరెత్తకూడదు అని అడుగుతారు.

మొదట్లోనే ఒక పటం గీస్తారు. దీన్ని జీనోగ్రామ్ అంటారు. కనీసం మూడు తరాలు ఉంటాయి. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం. పెళ్ళిళ్ళు, చావులు, జబ్బులు, వలసలు అందులో రాస్తారు. గాఢమైన బంధాన్ని పక్కపక్కన గీతలతోనూ, గొడవను వంకర గీతతోనూ, తెగిన బంధాన్ని మధ్యలో తెంపిన గీతతోనూ చూపిస్తారు. పటం పూర్తయ్యేసరికి 'నా ఒక్కడి లోపం' అనుకున్నది ముగ్గురు నలుగురి మధ్య తిరుగుతున్న విషయంగా కనిపించడం మొదలవుతుంది.

జంట వచ్చినప్పుడు తప్పెవరిదని తీర్పు చెప్పరు. గొడవ తిరిగే చుట్టును పట్టుకుంటారు. 'అమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చిన రోజు ఇంట్లో ముందుగా ఎవరు మాట్లాడటం ఆపేస్తారు? అప్పుడు రెండోవాళ్ళు ఏం చేస్తారు? అది చూసి పాప ఏం చేస్తుంది?' ఇలాంటి వరుస ప్రశ్నలు అడిగే పద్ధతిని ఇటలీలోని మిలాన్ బృందం అభివృద్ధి చేసింది. జవాబులు చెబుతుండగానే ఇద్దరికీ తాము ఆడుతున్న ఆట తెలిసిపోతుంది.

అద్దె ఇంట్లో ఒక జంట

మేం ఊహించి రాస్తున్న ఒక ఉదాహరణ తీసుకుందాం. భర్త పాలమూరు పల్లె నుంచి వచ్చిన మాదిగ యువకుడు. హైదరాబాద్‌లో ప్రైవేటు బ్యాంకులో పని. భార్య సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మాల క్రైస్తవ అమ్మాయి. తండ్రి రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఇద్దరి మధ్య నెలనెలా ఒకే గొడవ. అతను జీతంలో మూడో వంతు ఊరికి పంపుతాడు. 'మీ వాళ్ళకే అంతా పంపితే మనకేం మిగులుతుంది?' అని ఆమె అడుగుతుంది. అతను జవాబివ్వడు. ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెడతాడు. అతని తల్లి ఫోన్‌లో, 'కోడలొచ్చినంక నువ్వు మారినవు బిడ్డా' అంటుంది.

పుస్తకం ప్రకారం ఇది తేలికైన కేసు. తల్లి, కొడుకు, కోడలు ఒక త్రిభుజం. కొడుకు తల్లి నుంచి విడివడలేదు. భార్యాభర్తల చుట్టూ ఉండాల్సిన హద్దు పలచగా ఉంది. కుటుంబ చికిత్సలో ఇలాంటి ఇంటిని 'ఒకరిలో ఒకరు చిక్కుకుపోయిన కుటుంబం' అంటారు. డబ్బు తగ్గించు, హద్దు గీయి అని సలహా వస్తుంది.

ఇప్పుడు అదే పటంలో ఇంకో నాలుగు విషయాలు రాసి చూద్దాం. అతని తాత దొర దగ్గర జీతగాడు. తల్లి కూలికి పోతే, బడి మానేసిన అక్క తమ్ముళ్ళను సాకింది. స్కాలర్‌షిప్ ఆలస్యమైన నెలల్లో హాస్టల్ ఖర్చులకు తల్లి కూలి డబ్బులే ఆధారం. అంటే అతని డిగ్రీ అతని ఒక్కడిది కాదు. అతను పంపే డబ్బు బలహీనతకు గుర్తు కూడా కాదు. ముగ్గురు కలిసి పెట్టిన పెట్టుబడికి వాళ్ళ వాటా అది. ఇది తెలియకుండా 'విడివడు' అని చెప్పే సైకాలజిస్టు అతనికి చికిత్స చేస్తున్నట్టు కాదు. తన వర్గపు ఇంటి నమూనాను అతనికి అద్దెకిస్తున్నట్టు.

నాలుగో విషయం అన్నిటికంటే లోతైనది. ఫ్లాటు అద్దెకు తీసుకునేటప్పుడు ఓనరు 'మీరేమిట్లు?' అని అడిగాడు. అతను అబద్ధం చెప్పాడు. ఆ రోజు నుంచి అంబేడ్కర్ పటం హాల్లో పెట్టొద్దంటాడు, కిటికీ తీసి మాంసం వండొద్దంటాడు. ఆమె పుట్టింట్లో ఆ పటం ముందు గదిలోనే ఉండేది. ఆమెకు ఈ దాపరికం అవమానం. అతనికి బయటపడటం భయం. డబ్బు గొడవకు వేడి వస్తున్నది ఇక్కడి నుంచి. అతని ఊళ్ళో నోరు మూసుకోవడం ప్రాణం కాపాడిన నియమం. బోవెన్ చెప్పిన తరాల బదిలీ ఇదే. దాన్ని తయారు చేసింది మాత్రం ఆ ఇల్లు కాదు, ఊరు.

అలా చూసినప్పుడు గదిలో పని మారుతుంది. ఊరికి ఎంత పంపాలో ఇద్దరూ కూర్చుని ఒక అంకె అనుకుంటారు. ఆ మాట తల్లికి కొడుకే చెబుతాడు, కోడలితో చెప్పించడు. ఎక్కడ కులం చెప్పాలి, ఎక్కడ చెప్పకూడదు అన్నది ఒకరి భయం మీదా, ఇంకొకరి పంతం మీదా వదలకుండా ఇద్దరి నిర్ణయంగా మార్చుకుంటారు. వాళ్ళ మధ్య మూడో కోణంలో నిలబడ్డది అత్త కాదు, ఇంటి ఓనరు ప్రశ్న అని ఇద్దరికీ అర్థమవుతుంది.

కొత్త మాట కాదు

సామాజిక అణచివేతను ఈ చికిత్సలోకి తేవాలన్నది మనం కొత్తగా పెడుతున్న గొంతెమ్మ కోరిక కాదు. ఈ రంగంలో ఒక బలమైన పాయ పుట్టిందే పేదవాడల్లో. అర్జెంటీనాలో యూదు కుటుంబంలో పుట్టిన సాల్వడార్ మినూచిన్ న్యూయార్క్ రాష్ట్రంలోని విల్ట్‌విక్ బాలుర పాఠశాలలో పనిచేశాడు. అక్కడి పిల్లల్లో ఎక్కువ మంది పేద నల్లజాతి, ప్యూర్టోరికన్ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. ఆ అనుభవంతో ఆయన సహచరులతో కలిసి 1967లో మురికివాడల కుటుంబాల మీద పుస్తకం తెచ్చాడు. ఫిలడెల్ఫియాలో పనిచేసినప్పుడు డిగ్రీలు లేని స్థానిక నల్లజాతి వారికి కుటుంబ చికిత్సలో శిక్షణ ఇచ్చే కార్యక్రమం కూడా నడిపారు.

మన ఇళ్ళలో తమ్ముళ్ళను సాకే అక్క గురించి ఆయన చెప్పింది పనికొచ్చే మాట. పెద్ద కుటుంబాల్లో, ఒంటరి తల్లి పనికి పోయే ఇళ్ళలో పిల్లల్లో ఒకరికి పెద్దరికం ఇవ్వడం సహజమేనని మినూచిన్ అన్నాడు. ఆ బాధ్యత ఎంతవరకో స్పష్టంగా చెబితే ఇల్లు బాగానే నడుస్తుంది. పెద్దలు పూర్తిగా చేతులెత్తేసి పిల్ల మీద వదిలేస్తేనే ఆ పిల్ల విరిగిపోతుంది.

నల్లజాతి మనస్తత్వవేత్త నాన్సీ బాయిడ్ ఫ్రాంక్లిన్ 1989లో నల్లజాతి కుటుంబాల చికిత్స మీద పుస్తకం రాశారు. అమ్మమ్మలు, పిన్నమ్మలు, చర్చి, ఇరుగుపొరుగు కలిసి పిల్లల్ని పెంచే తీరును లోపంగా చూడొద్దని, జాత్యహంకారం మధ్య ఆ కుటుంబాలను నిలబెట్టిన బలం అదేనని ఆమె వాదన. చికిత్స మీద వాళ్ళకుండే అనుమానాన్ని కూడా మొండితనంగా కాక అనుభవం నేర్పిన జాగ్రత్తగా చూడమన్నారు.

న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్ పక్కన లోయర్ హట్‌లోని ఫ్యామిలీ సెంటర్ ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. 'జస్ట్ థెరపీ' పేరుతో అక్కడి బృందం పనిచేసింది. మావోరీ, సమోవా, తెల్లజాతి ఉద్యోగులకు వేర్వేరు విభాగాలు పెట్టుకున్నారు. సాంస్కృతిక విషయాల్లో తెల్లజాతి విభాగం మిగతా రెండింటికీ జవాబుదారీగా ఉండాలని నియమం చేసుకున్నారు. ఇరుకు ఇంట్లో, పేదరికంలో కుంగిపోయిన కుటుంబానికి 'నీ ఆలోచన మార్చుకో' అని చెప్పి పంపితే, అన్యాయానికి సర్దుకుపొమ్మని నేర్పినట్టేనని వాళ్ళు గట్టిగా చెప్పారు. అందుకే చికిత్సతో పాటు ఇళ్ళ సమస్య మీదా, ప్రభుత్వ విధానం మీదా పనిచేశారు.

మన తెలుగు నేల మీద ఈ ఆలోచనకు కావాల్సిన చరిత్ర చాలా ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపాక బతికినవాళ్ళు చీరాలకు వచ్చి తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ కుటుంబాల మనవడో మనవరాలో రేపు ఒక సైకాలజిస్టు ముందు కూర్చుంటే, మూడు తరాల పటంలో ఆ తేదీ లేకపోతే ఆ పటం తప్పు.

ఎక్కడ జాగ్రత్త పడాలి

ఈ పద్ధతికి ఒక ప్రమాదకరమైన వాలు ఉంది. గొడవ ఒక చుట్టు, అందులో అందరి పాత్రా ఉంటుంది అనే సూత్రం హింస దగ్గరకు వచ్చేసరికి దోషిని దాచిపెడుతుంది. 1978లోనే రేచల్ హేర్ మస్టిన్, ఆ తర్వాత వర్జీనియా గోల్డ్‌నర్ లాంటి స్త్రీవాదులు ఈ లోపాన్ని ఎత్తిచూపారు. ఇంట్లో స్త్రీకీ పురుషుడికీ సమాన అధికారం లేనప్పుడు 'ఇద్దరి పాత్రా ఉంది' అనడం బలవంతుడి వైపు నిలబడటమే.

మన ఇళ్ళకూ ఇది వర్తిస్తుంది. బయట కులం చేసిన అవమానం మగవాడి చేతిలో ఇంటి హింసగా మారిందని అర్థం చేసుకోవచ్చు. అర్థం చేసుకోవడం వేరు, క్షమించమని భార్యకు చెప్పడం వేరు. కొట్టే భర్త పక్కన కూర్చోబెట్టి ఆమెను నోరు విప్పమంటే, ఆ మాటలకు ఇంటికి వెళ్ళాక ఆమె మూల్యం చెల్లిస్తుంది. అలాంటప్పుడు ఉమ్మడి కౌన్సెలింగ్ కంటే ముందు ఆమె భద్రత చూడాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, 2005 గృహహింస చట్టం అందుకోసమే ఉన్నాయి.

కులాంతర జంటల విషయంలో ఇంకా మెలకువ కావాలి. బోవెన్ పద్ధతిలో తెగిన బంధాన్ని తిరిగి పలకరించమని, పుట్టింటికి వెళ్ళి కొత్త తీరులో మాట్లాడమని ప్రోత్సహిస్తారు. కానీ దళిత యువకుణ్ణి చేసుకున్న కూతురికి బతికుండగానే కర్మకాండ చేసే తల్లిదండ్రులు ఉన్న సమాజం మనది. అక్కడ బంధం తెంపుకున్నది కూతురు కాదు, కులం ఆమెకు వేసిన శిక్ష అది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్ళ ముందే ప్రణయ్‌ను చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఇలాంటి నేల మీద 'ఒకసారి వెళ్ళి కలిసి రండి' అన్న సలహా ఇచ్చే ముందు ప్రమాదం ఎంతో అంచనా వేయాలి. 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జంటల రక్షణకు జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు, సురక్షిత గృహాలు ఉండాలని చెప్పింది. ఆ తీర్పు సంగతి తెలియని కౌన్సెలర్ కులాంతర జంటకు సగం సాయమే చేయగలరు.

బెదిరింపులు లేని చోట కూడా ఒక చిక్కు ఉంటుంది. ఆమె పుట్టింటి వాళ్ళు కొన్నేళ్ళకు మెత్తబడి పండక్కి పిలుస్తారు, అల్లుణ్ణి మాత్రం హాల్లో దాకానే రానిస్తారు. అతను వెళ్ళనంటాడు. ఆమె 'నా కోసం ఒక్కరోజు సర్దుకోలేవా?' అంటుంది. దీన్ని 'అల్లుడి అహం'గా రాసుకునే కౌన్సెలర్ కులం పక్షాన చేరిపోయినట్టే. ఆమె తన తల్లిదండ్రులతో ఏం మాట్లాడాలి, ఎక్కడ నిలబడాలి అన్నది అక్కడ అసలు పని. బోవెన్ చెప్పిన 'కలిసి ఉంటూనే తన ఆలోచనను నిలుపుకోవడం' ఇక్కడ ఆమెకు కావాల్సింది.

మనం ఏం అడగొచ్చు

కుటుంబాన్ని చికిత్సలో భాగం చేయడం మన దేశానికి కొత్తేమీ కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగుల బంధువులను అక్కడే ఉండనిచ్చారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో కుటుంబాల కోసం ప్రత్యేక కేంద్రం ఉంది. లేనిది ఆ కుటుంబం ఏ కులానిది, ఊళ్ళో ఎక్కడ నివసించింది అని అడిగే అలవాటు.

చట్టం మాత్రం ఆ మాట పలికింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవలను కుల వివక్ష లేకుండా పొందే హక్కు ఇచ్చింది. కులం పేరు అందులో స్పష్టంగా ఉంది. 24 గంటలూ పనిచేసే టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

సైకాలజిస్టు దగ్గరకు వెళ్ళినప్పుడు మొదటి రోజే కొన్ని ప్రశ్నలు అడగడానికి సంకోచించొద్దు. మీరు రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా? ఇంతకు ముందు దళిత కుటుంబాలతో, కులాంతర జంటలతో పనిచేశారా? మా కుటుంబ పటంలో కులం, వెట్టి, వలస, మతం మారడం, ఇంట్లో తొలి చదువు ఇవన్నీ రాస్తారా? మాలో ఒకరికి భయంగా ఉంటే విడిగా మాట్లాడే వీలు ఇస్తారా? నేను చెప్పింది ఎవరికి తెలుస్తుంది?

తెలియని విషయాన్ని 'తెలియదు, మీ దగ్గర నేర్చుకుంటాను' అనే సైకాలజిస్టుతో పని మొదలుపెట్టొచ్చు. 'ఇక్కడ మనుషుల్నే చూస్తాం, కులం చూడం' అని నవ్వేవాళ్ళ దగ్గర ఆ జంట హాల్లో పెట్టని అంబేడ్కర్ పటం గురించి ఎప్పటికీ మాట్లాడలేదు. అలాంటి చోట ఫీజు చెల్లించినా సరే, రెండోసారి వెళ్ళకపోవడం మన హక్కే.